ఓటీపీ నాన్న ఫోన్‌కి.. పాస్‌వర్డ్ నెట్ సెంటర్‌లో: పిల్లల అకౌంట్ అసలు ఎవరి చేతిలో ఉంది?

కణేకల్ (అనంతపురం జిల్లా): పాస్‌వర్డ్ అనగానే ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ గుర్తొస్తాయి. కానీ పల్లెల్లో చదివే పిల్లలకి అంతకంటే విలువైన అకౌంట్లు వేరే ఉన్నాయి. స్కాలర్‌షిప్, హాల్‌టికెట్, కాలేజీ సీటు.. అన్నిటికీ ఇప్పుడు లాగిన్ కావాలి. ఆ లాగిన్‌ని కాపాడుకోవడం మాత్రం పిల్లలకి సరిగ్గా నేర్పుతున్నామా?

ఒక లెక్కతో మొదలుపెడదాం. ప్రభుత్వ బడుల్లో 8వ తరగతి పిల్లలు రాసే ఎన్‌ఎంఎంఎస్ పరీక్ష గురించి చాలామందికి తెలుసు. అందులో ఎంపికైతే 9 నుంచి ఇంటర్ రెండో సంవత్సరం దాకా ఏడాదికి రూ.12,000 వస్తుంది. నాలుగేళ్లకి మొత్తం రూ.48,000. కూలి పనులకి వెళ్లే ఇంట్లో ఇది చిన్న మొత్తం కాదు.

అయితే పరీక్ష పాసైతే సరిపోదు. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో రిజిస్టర్ కావాలి. ప్రతి ఏడాదీ మళ్లీ లాగిన్ అయి రెన్యువల్ చేసుకోవాలి. పాస్‌వర్డ్ మర్చిపోతే రిజిస్టర్ చేసిన మొబైల్‌కి ఓటీపీ వస్తుంది. ఆ మొబైల్ ఎవరిది? ఆ సిమ్ ఇంకా పనిచేస్తోందా? రూ.48,000 ఈ రెండు ప్రశ్నల మీద ఆధారపడి ఉంది.

కణేకల్‌లో కథ ఎలా ఉంటుంది?

రాయదుర్గం నియోజకవర్గంలో, కర్ణాటక సరిహద్దుకి దగ్గరగా ఉండే మండలం కణేకల్. ఒక పక్క హెచ్చెల్సీ కాలువ, పెద్ద చెరువు. ఇంకో పక్క హగరి ఒడ్డున ఇసుక దిబ్బలు. వాన మీద నమ్మకం లేని సీమ ఇది. పనుల కోసం బళ్లారికో, బెంగళూరుకో వెళ్లడం అనంతపురం జిల్లా పల్లెల్లో కొత్తేం కాదు.

ఆన్‌లైన్ భద్రత పాఠాల్లో ఎక్కడా కనిపించని చిక్కు ఇక్కడే ఉంది. పిల్లల అకౌంట్‌కి ఇచ్చిన నంబర్ నాన్నది. నాన్న ఉన్నది బెంగళూరులో. ఫారం నింపేది ఊళ్లోని నెట్ సెంటర్‌లో. ఓటీపీ వచ్చే టైమ్‌కి నాన్న పనిలో ఉంటాడు. "నాయనా, మెసేజ్ వచ్చింటాది, ఆ నంబర్ చెప్పు" అని ఫోన్ చేయాలి. ఆయన చెప్పేలోపు టైమ్ అయిపోతుంది. మళ్లీ పంపమని నొక్కాలి. వెనకాల క్యూలో ఇంకో పదిమంది.

అప్పుడు ఏం జరుగుతుంది? "అన్నా, నీ నంబరే పెట్టెయ్" అనేస్తారు. పని అయిపోతుంది. కానీ ఆ రోజు నుంచి ఆ అకౌంట్ తాళంచెవి ఆ విద్యార్థి దగ్గర లేదు. నెట్ సెంటర్ నిర్వాహకుడు మంచివాడే కావచ్చు, నిజానికి చాలామంది సాయం చేసేవాళ్లే. కానీ ఆయన రేపు నంబర్ మార్చినా, షాపు మూసేసినా నష్టపోయేది పిల్లలే.

పేరు, పుట్టిన సంవత్సరం.. అంతే!

ఇక పాస్‌వర్డ్ సంగతి. చాలా ఫారాలకి పెట్టే పాస్‌వర్డ్ ఒకటే మూసలో ఉంటుంది: పేరు, ఒక అట్ గుర్తు, ఆ తర్వాత 123 లేదా పుట్టిన సంవత్సరం. ఎందుకని? తొందరగా గుర్తుంటుంది, ఫారం కూడా ఒప్పుకుంటుంది. ఒక పెద్ద అక్షరం, ఒక అంకె, ఒక గుర్తు.. మూడు షరతులూ తీరిపోయాయి కదా.

ఇంకో విషయం గమనించండి. మన ఇళ్లలో అందరికీ తెలిసిన మొదటి 'పాస్‌వర్డ్' బహుశా ఈ-ఆధార్ పీడీఎఫ్‌దే. పేరులోని మొదటి 4 ఇంగ్లిష్ అక్షరాలు, పక్కన పుట్టిన సంవత్సరం. కార్డు తెరవడానికి అది అందరికీ ఒకే సూత్రం, అందులో రహస్యం ఏమీ లేదు. చిక్కేంటంటే, పాస్‌వర్డ్ అంటే ఇలాగే ఉంటుందేమో అనే అలవాటు కూడా దాంతోపాటు వచ్చేస్తుంది. పేరు, పుట్టిన తేదీ రెండూ స్కూల్ రికార్డులో, హాల్‌టికెట్ మీద, బర్త్‌డే స్టేటస్‌లో ఉంటాయి. ఒకే తరగతి పిల్లల్లో పుట్టిన సంవత్సరం మహా అయితే రెండు మూడు రకాలు. పక్క బెంచీ అబ్బాయికి అది కనిపెట్టడానికి హ్యాకింగ్ రావాల్సిన పనే లేదు.

లెక్కలు ఏం చెబుతున్నాయి?

దేశంలోని గ్రామీణ పిల్లలపై చేసిన అసర్ 2024 సర్వే 2025 జనవరిలో బయటికొచ్చింది. 14 నుంచి 16 ఏళ్ల వాళ్లలో 82 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చు. వాళ్లలో సొంత ఫోన్ ఉందని చెప్పింది అబ్బాయిల్లో 36 శాతం, అమ్మాయిల్లో 27 శాతం. అంటే మిగతా వాళ్లంతా వాడుతున్నది ఇంట్లో అందరిదీ అయిన ఫోనే.

అదే సర్వే భద్రత గురించి కూడా అడిగింది. సోషల్ మీడియా వాడే పిల్లల్లో ఒక ప్రొఫైల్‌ని బ్లాక్ చేయడం, రిపోర్ట్ చేయడం తెలిసినవాళ్లు 62 శాతం. పాస్‌వర్డ్ మార్చడం తెలిసినవాళ్లు దాదాపు 58 శాతం. సోషల్ మీడియా వాడే ప్రతి పదిమందిలో నలుగురికి పాస్‌వర్డ్ ఎలా మార్చాలో తెలియదన్నమాట. బలమైన పాస్‌వర్డ్ పెట్టుకోవడం సంగతి తర్వాత. ముందు ఉన్నదాన్ని మార్చడమే రాదు.

స్నేహితులే ఓపెన్ చేస్తే?

'హ్యాకర్' అంటే ఎక్కడో చీకటి గదిలో కూర్చున్న అపరిచితుడు అనుకుంటాం. బ్రిటన్ లెక్కలు వేరే కథ చెబుతున్నాయి. అక్కడి సమాచార కమిషనర్ కార్యాలయం 2022 జనవరి నుంచి 2024 ఆగస్టు దాకా విద్యాసంస్థల లోపలివాళ్ల వల్లే జరిగిన 215 డేటా ఉల్లంఘనలను పరిశీలించింది. అందులో 57 శాతం విద్యార్థులు చేసినవే. దొంగిలించిన లాగిన్ వివరాలతో జరిగినవి 30 శాతం. వాటిలో 97 శాతం పిల్లల పనే.

అమెరికాలో ఇంకా పెద్ద ఘటన జరిగింది. స్కూళ్ల రికార్డులు నడిపే పవర్‌స్కూల్ సంస్థ సిస్టమ్‌లోకి 2024 డిసెంబర్‌లో దొంగ లాగిన్‌తో చొరబడ్డారు. కోట్లమంది విద్యార్థుల, టీచర్ల వివరాలు బయటికి పోయాయి. నేరం ఒప్పుకున్నది 19 ఏళ్ల కాలేజీ కుర్రాడు. 2025 అక్టోబర్‌లో కోర్టు అతనికి నాలుగేళ్ల జైలు శిక్ష వేసింది. ఆ చొరబాటుకి ఒకే ఒక్క లాగిన్ సరిపోయింది. దానికి రెండో అంచె తనిఖీ లేదు.

మన దగ్గర చట్టం కూడా స్పష్టంగానే ఉంది. ఐటీ చట్టం 66సీ సెక్షన్ ప్రకారం ఇంకొకరి పాస్‌వర్డ్‌ని మోసపూరితంగా వాడితే మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. 'ఊరికే సరదాకి ఓపెన్ చేశా' అనేది ఎంత దూరం వెళ్తుందో పిల్లలకి ముందే చెప్పాలి. పాస్‌వర్డ్ పాఠంలో 'నీది కాపాడుకో' అనేది సగమే. 'పక్కవాళ్లది ముట్టుకోకు' అనేది మిగతా సగం.

తప్పంతా పిల్లలదేనా?

కాదు. 2023 జనవరిలో దీక్ష యాప్ విషయం బయటపడింది. కేంద్ర ప్రభుత్వ విద్యా యాప్ అది. దాని డేటా ఉన్న ఒక క్లౌడ్ సర్వర్‌కి సరైన రక్షణ లేకపోవడంతో పది లక్షలకి పైగా టీచర్ల వివరాలు, దాదాపు 6 లక్షల మంది విద్యార్థుల వివరాలు బయటికి కనిపించేలా ఉండిపోయాయని అంతర్జాతీయ మీడియా బయటపెట్టింది. ఇక్కడ ఏ విద్యార్థి ఎంత గట్టి పాస్‌వర్డ్ పెట్టుకున్నా లాభం లేదు.

స్కాలర్‌షిప్‌ల విషయంలోనూ అంతే. జార్ఖండ్‌లో మైనారిటీ స్కాలర్‌షిప్‌ల దందాని 2020లో పత్రికా కథనాలు బయటపెట్టాయి. స్కూళ్ల లాగిన్ వివరాలు దళారుల చేతికి వెళ్లడం అందులో ఒక ముఖ్యమైన అంశం. ఆ తర్వాత మైనారిటీ వ్యవహారాల శాఖ దేశవ్యాప్తంగా 1,572 సంస్థల్ని తనిఖీ చేయిస్తే 830 నకిలీవో, పనిచేయనివో అని తేలింది. ప్రభుత్వానికి రూ.144 కోట్లకి పైగా నష్టం అని లెక్కగట్టారు. 2023లో సీబీఐ కేసు నమోదైంది.

ఇది మన కణేకల్‌కి ఏం సంబంధం అంటారా? పిల్లల దరఖాస్తుని స్కూల్ స్థాయిలో ధ్రువీకరించేది కూడా ఒక లాగినే. ఆ పాస్‌వర్డ్ ఆఫీస్ గోడ మీద చీటీలో ఉంటే, పిల్లలకి ఎన్ని పాఠాలు చెప్పినా వృథా. టీచర్లు పెట్టే పాస్‌వర్డ్‌ని చూసే పిల్లలు నేర్చుకుంటారు.

పాత సూత్రం మారిపోయింది

'పెద్ద అక్షరం, చిన్న అక్షరం, అంకె, గుర్తు పెట్టండి, మూడు నెలలకోసారి మార్చండి.' చాలా వర్క్‌షాపుల్లో ఇప్పటికీ ఇదే చెబుతారు. ఈ సూత్రానికి మూలం 2003లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ ఇచ్చిన మార్గదర్శకాలు. వాటిని రాసిన బిల్ బర్ తాను చెప్పిన దాంట్లో చాలా వాటికి ఇప్పుడు చింతిస్తున్నానని 2017లో ఒప్పుకున్నారు. ఎందుకంటే జనం ఆ షరతుల్ని అడ్డదారిలో తీర్చేశారు. పేరు చివర 1 పెట్టారు. మూడు నెలల తర్వాత దాన్ని 2 చేశారు. అంతే!

2025లో వచ్చిన నిస్ట్ తాజా మార్గదర్శకాలు దీన్ని తిరగేశాయి. పాస్‌వర్డ్ ఒక్కటే రక్షణ అయితే కనీసం 15 అక్షరాలు ఉండాలి. గుర్తులు, అంకెలు తప్పనిసరి అనకూడదు. లీకైనట్టు ఆధారం ఉంటే తప్ప ఊరికే మార్చమని ఒత్తిడి చేయకూడదు. సింపుల్‌గా చెప్పాలంటే, వంకర టింకర కంటే పొడవు ముఖ్యం.

బ్రిటన్ జాతీయ సైబర్ భద్రత కేంద్రం దీనికి తేలిక మార్గం చెప్పింది: ఒకదానికొకటి సంబంధం లేని మూడు పదాలు. ఇక్కడే మన పిల్లలకి ఒక సౌకర్యం ఉంది. తెలుగు పదాల్ని ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేస్తే చాలు. 'జొన్నరొట్టె గొడుగు లారీ' అని కలిపి రాస్తే 21 అక్షరాలు అవుతాయి. నవ్వొస్తుంది, గుర్తుంటుంది, ఎదుటివాళ్లకి ఊహకి అందదు. ఇది ఉదాహరణ మాత్రమే, ఇదే పెట్టుకోకండి!

అయితే ఇక్కడో మెలిక ఉంది. కొన్ని ఫారాలు పొడవు పాస్‌వర్డ్‌ని ఒప్పుకోవు. జేఈఈ మెయిన్ దరఖాస్తు నిబంధనల్లో పాస్‌వర్డ్ 8 నుంచి 13 అక్షరాల మధ్యే ఉండాలని, పెద్ద అక్షరం, అంకె, గుర్తు ఉండాలని పెట్టారు. అంటే ప్రపంచం 15 అక్షరాలు అంటుంటే, మన ఫారం 13 దగ్గరే ఆపేస్తోంది. అలాంటి చోట రెండు చిన్న పదాల మధ్య అంకె, గుర్తు పెట్టుకోవాలి. పేరు, ఊరు, పుట్టిన సంవత్సరం మాత్రం వద్దు.

ఫోన్ అందరిదీ అయితే ఏం చేయాలి?

అసలు ప్రశ్న ఇదే. 'ఆథెంటికేటర్ యాప్ పెట్టుకోండి, పాస్‌కీ వాడండి' అనే సలహాలు సొంత ఫోన్ ఉన్నవాళ్లకి బాగుంటాయి. పాస్‌కీ ఫోన్ లాక్‌తో తెరుచుకుంటుంది. ఆ లాక్ ఇంట్లో నలుగురికీ తెలిస్తే నలుగురూ తెరవగలరు. కణేకల్ లాంటి చోట పాఠం ఇంటి ఫోన్‌ని దృష్టిలో పెట్టుకుని ఉండాలి.

ఇంటి ఫోన్‌తోనే చేయగలిగినవి ఇవి:

• ఊళ్లో ఉండే నంబర్: ఫారంలో నెట్ సెంటర్ నంబర్ వద్దు. వలస వెళ్లిన నాన్న నంబర్ కంటే ఇంట్లో ఉండే అమ్మ, అవ్వ, లేదా అన్న నంబర్ మేలు. ఆధార్‌కి లింకైన నంబర్ ఏదో ముందే చూసుకోవాలి, అవసరమైతే ఆధార్ కేంద్రంలో మార్పించుకోవాలి.

• సిమ్ బతికి ఉండాలి: వాడకుండా వదిలేసిన ప్రీపెయిడ్ నంబర్ డీయాక్టివేట్ అవుతుంది. ఆ తర్వాత కనీసం 90 రోజులు ఆగి ఆ నంబర్‌ని ఇంకొకరికి ఇవ్వొచ్చు. అప్పుడు మీ ఓటీపీ వాళ్లకి వెళ్తుంది. నంబర్ మార్చేముందే అకౌంట్లలో కొత్త నంబర్ పెట్టాలి.

• కాగితం మీద రాసుకోండి: ఆశ్చర్యంగా ఉందా? పాస్‌వర్డ్‌లు రాసుకుని ఇంట్లో భద్రంగా దాచుకోవచ్చని బ్రిటన్ సైబర్ నిపుణులే అంటున్నారు. పాస్‌బుక్, రేషన్ కార్డు ఉండే పెట్టెలోనే ఒక చిన్న నోట్‌బుక్ ఉంచండి. హాల్‌టికెట్ వెనకాల, ఫోన్ కవర్‌లో మాత్రం వద్దు.

• గూగుల్ బ్యాకప్ కోడ్‌లు: రెండంచెల భద్రత ఆన్ చేస్తే గూగుల్ పది కోడ్‌లు ఇస్తుంది. ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. కాగితం మీద రాసుకుంటే నాన్న ఫోన్ అందుబాటులో లేకపోయినా లాగిన్ అవ్వొచ్చు.

• మెయిల్‌కి వేరే పాస్‌వర్డ్: మిగతా అకౌంట్ల పాస్‌వర్డ్ మార్చుకునే దారి మెయిలే. అది పోతే అన్నీ పోయినట్టే.

• నెట్ సెంటర్‌లో: పాస్‌వర్డ్ మీరే టైప్ చేయండి. 'సేవ్ చేయాలా?' అని అడిగితే వద్దు అనండి. ప్రింట్ చేతికొచ్చాక లాగౌట్ అయ్యారో లేదో చూడండి. ఆయన టైప్ చేస్తే, ఇంటికొచ్చాక అదే రోజు మార్చేయండి.

• వాట్సాప్ పిన్: రాష్ట్ర ప్రభుత్వ 'మన మిత్ర' సేవలు 2025 జనవరి 30 నుంచి వాట్సాప్‌లోనే వస్తున్నాయి, హాల్‌టికెట్లతో సహా. కాబట్టి ఇంటి వాట్సాప్‌కి టూ స్టెప్ వెరిఫికేషన్ పిన్ పెట్టండి. 'లింక్డ్ డివైజెస్' లో తెలియని పరికరం ఉంటే తీసేయండి. పీఎం కిసాన్, పెళ్లి పత్రిక పేర్లతో వచ్చే ఏపీకే ఫైళ్లు తెరవొద్దు. అవి ఫోన్‌కి వచ్చే ఓటీపీలు చదివేయగలవు.

నిషేధం చర్చ సరే.. మరి ఈ అకౌంట్లు?

ఆస్ట్రేలియాలో 2025 డిసెంబర్ 10 నుంచి 16 ఏళ్లలోపు పిల్లలకి సోషల్ మీడియా అకౌంట్లు బంద్. ఏపీలోనూ అలాంటి ఆలోచన ఉందని మంత్రి నారా లోకేశ్ 2026 జనవరిలో దావోస్‌లో చెప్పారు. దానిపై వాదోపవాదాలు నడుస్తున్నాయి. కానీ ఆ నిర్ణయం ఎటు వెళ్లినా ఒకటి మారదు. స్కాలర్‌షిప్, పాలిసెట్, ట్రిపుల్ ఐటీ, ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు.. ఇవన్నీ లాగిన్ లేకుండా నడవవు. పిల్లల్ని ఇన్‌స్టా నుంచి దూరం పెట్టొచ్చు గానీ, ప్రభుత్వమే అడిగే అకౌంట్ల నుంచి పెట్టలేం.

ప్రయత్నాలు జరగలేదని కాదు. 2020 ఆగస్టులో ఏపీ పోలీసులు 'ఈ-రక్షాబంధన్' పేరుతో మహిళలకి, విద్యార్థులకి నెల రోజులు ఆన్‌లైన్‌లో సైబర్ పాఠాలు చెప్పారు. తెలంగాణలో 'సైబర్ కాంగ్రెస్' కింద 1,650 ప్రభుత్వ పాఠశాలల నుంచి 3,300 మంది విద్యార్థుల్ని సైబర్ అంబాసిడర్లుగా తయారుచేశారు. స్కూల్‌కి ఇద్దరు. పిల్లలు చెబితే పిల్లలు వింటారు కాబట్టి ఈ పద్ధతి మంచిదే.

2022, 2023 డిసెంబర్లలో ఏపీ ప్రభుత్వం 8వ తరగతి పిల్లలకి ఉచితంగా ట్యాబ్‌లు కూడా పంచింది. పరికరం ఇవ్వడం ఒక ఎత్తు. దాన్ని, అందులోని అకౌంట్‌ని తనదిగా చూసుకోవడం నేర్పడం ఇంకో ఎత్తు.

దీనికి కంప్యూటర్ ల్యాబ్ కూడా అక్కర్లేదు. ఒక పీరియడ్ చాలు. ఎన్‌ఎంఎంఎస్ ఫారాలు నింపే సీజన్‌కి ముందు 8వ తరగతిలో, పదో తరగతి పరీక్షలయ్యాక సెలవుల ముందు ఇంకోసారి. ప్రతి విద్యార్థీ నోట్‌బుక్‌లో మూడు ప్రశ్నలకి జవాబు రాయాలి. నా పేరు మీద ఎన్ని అకౌంట్లున్నాయి? ఒక్కోదానికి ఏ నంబర్ ఇచ్చాం? ఆ నంబర్ ఈ రోజు మోగుతుందా? మూడో ప్రశ్నకి జవాబు తెలియకపోతే ఆ సాయంత్రమే ఇంట్లో అడగాలి. పాస్‌వర్డ్ మాత్రం ఆ నోట్‌బుక్‌లో రాయకూడదు, టీచర్‌కి కూడా చూపించకూడదు.

అధికారులు చేయాల్సిందీ ఉంది. ఫారాల్లో పొడవు పాస్‌వర్డ్‌ని అనుమతించాలి. ఓటీపీకి ఎక్కువ సమయం ఇవ్వాలి. నంబర్ పోయిన విద్యార్థి స్కూల్ ధ్రువీకరణతో కొత్త నంబర్ పెట్టుకునే దారిని తేలిక చేయాలి. బెంగళూరులో ఇటుకలు మోస్తున్న తండ్రి ఫోన్ ఎత్తలేదని, ఇక్కడ కూతురి స్కాలర్‌షిప్ ఆగిపోకూడదు.

డబ్బు పోతే వెంటనే 1930కి కాల్ చేయండి. అకౌంట్ హ్యాక్ అయితే సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. అంతకంటే ముందు, ఈ రాత్రి భోజనాల దగ్గర ఇంట్లో ఒక్క మాట అడగండి: పిల్లోడి స్కాలర్‌షిప్‌కి ఇచ్చింది ఎవరి నంబర్?